నాడిబిళ్ళ

"ఇది తడిస్తే సచ్చిపోద్దేటమ్మా?"

నాడిబిళ్ళ మెడలో వేసుకోగానే ఎల్లాజీ అడిగిన మొదటి మాట అది. డాక్టర్ శకుంతల నవ్వింది. బిళ్ళ అగ్గిపెట్టెకన్నా చిన్నది, పల్చనిది. మధ్యలో గాజు కన్ను. ఆ కంట్లో ఆకుపచ్చ వెలుగు మినుకుతూ ఆరుతూ ఉంది.

"నీళ్లు పడితే ఏమీ కాదు. గాలి మాత్రం లోపలికి వెళ్తుంది. మీరు పీల్చే గాలే అదీ పీలుస్తుంది."

"మరి ఆ మినుకుతున్నదేటి?"

"మీ నరాలే."

ఎల్లాజీ తల వంచి గుండెల మీది బిళ్ళను చూసుకున్నాడు. వెనక వరసలో నిలబడ్డ కొలిమివాళ్లు ఘొల్లుమన్నారు. "ఒరే, నీకు నరాలున్నాయిరా, ఇదిగో రుజువు," అన్నాడు సన్యాసి.

శకుంతల వాళ్లందరికీ ముందే చెప్పింది. అంతకుముందు వాళ్ల దగ్గర తీసిన రక్తంలోంచి నాడీకణాలను పెంచారు. చెయ్యి ఎత్తమనీ, కాలు కదపమనీ కండకు చెప్పే కణాలు వెన్నులో ఉంటాయి కదా, సరిగ్గా అలాంటివే, ఎవరివి వాళ్లవే. బిళ్ళలో అవి తొందరగా ముసలివవుతాయి. బయట ఒక నెల గడిచేసరికి వాటికి ఏడాది పైబడుతుంది. గాలిలో వాటికి పడనిదేదైనా ఉంటే ముందు మినుకు తడబడుతుంది, తర్వాత ఆగిపోతుంది. మనిషికి జబ్బు రావడానికి చాలా ఏళ్ల ముందే బిళ్ళ చెబుతుంది.

పెదగెడ్డలోని ఆ ఫ్యాక్టరీలో పాత బ్యాటరీలు పగలగొట్టి, కరిగించి, సీసమూ మాంగనీసూ తీస్తారు. కార్లూ ఆటోలూ అన్నీ కరెంటువే అయ్యాక దేశం నలుమూలల నుంచీ చచ్చిన బ్యాటరీలు లారీల్లో వచ్చి అక్కడ గుట్టలు పడుతున్నాయి. కొలిమి దగ్గర చేసినవాళ్లలో ముగ్గురికి ఒకరి తర్వాత ఒకరికి చేతులు సన్నబడ్డాయి, మాట ముద్దయింది, చివరికి ఊపిరి తీసే కండరాలు కూడా పనిచెయ్యడం మానేశాయి. మోటార్ న్యూరాన్ వ్యాధి. ఊళ్లకు ఊళ్లు వెతికినా ఒకరికో ఇద్దరికో కనబడే జబ్బు, ఒక్క షెడ్డులో ముగ్గురికి. పేపర్లో వచ్చాక యాజమాన్యమే శకుంతలను పిలిచింది. ఆవరణలో ఒక భవనం ఇచ్చింది. ఫలితాలు ముందుగా తమకే చెప్పాలన్నది వాళ్ల షరతు. ఆమె సంతకం పెట్టింది. ఆ సంతకం లేకపోతే ఆ గేటు దాటనిచ్చేవాళ్లు కారు.

పోల్చి చూడ్డానికి ఫ్యాక్టరీలో అడుగు పెట్టని మనుషులు కూడా కావలసి వచ్చారు. అదే కాలనీలో ఉంటూ, అదే తిండి తింటూ, అదే నీళ్లు తాగేవాళ్లు. అందుకని కొందరు భార్యలకు కూడా బిళ్ళలు చేశారు. ఎల్లాజీ భార్య నూకరత్నం చీర కుచ్చిళ్లు తడిగానే వచ్చి కూర్చుంది.

"నానే పనీ సెయ్యను కదమ్మా. ఇంట్లోనే ఉంతాను. నాకెందుకేటి?"

"అందుకే మీరు కావాలి," అంది శకుంతల. కాగితం మీద పని అన్నచోట 'ఇల్లు' అని రాసింది.

*

కాలనీలో వాళ్ల క్వార్టరు వరస చివరన ఉంది. ముందు కుళాయీ, పక్కన బట్టలుతికే బండా ఉన్నాయి. పదేళ్ల కిందట కొత్త కొలిమి కట్టడానికి స్థలం చాలక ఫ్యాక్టరీలో చాకిరేవు షెడ్డునూ స్నానాల గదులనూ పడగొట్టినప్పటి నుంచి కొలిమివాళ్లు పని దుస్తులతోనే ఇంటికి వస్తున్నారు. పెళ్లాలు ఉతుకుతారు. పెళ్లికాని కుర్రాళ్లు తమ బట్టలు కూడా తెచ్చి నూకరత్నం అరుగు మీద పడేసి పోతారు. పక్కింటి అచ్చియ్యమ్మకు నడుము నొప్పి, ఆ ఇంటి బట్టలూ ఈమెవే.

నానబెట్టే ముందు ఒక్కో అంగీనీ పట్టుకుని గోడకేసి బాదేది. దులపకుండా నానబెడితే తొట్టె నిండా బురదే. బూడిదరంగు దుమ్ము మెత్తగా లేచి అరుగంతా పరుచుకునేది. మూడో తరగతి చదివే కూతురు లోవ బడి నుంచి వచ్చి ఆ దుమ్ములో వేలితో చేపల బొమ్మలు గీసేది. వానల్లో బయట ఆరవు గనక గదిలోనే ఈ గోడ నుంచి ఆ గోడకు తాడు కట్టి అంగీలన్నీ వేలాడదీసేవారు. వాటి కిందే ముగ్గురి పడకలు.

ఎల్లాజీ సాయంత్రం వచ్చేసరికి లోవ పరుగెత్తుకెళ్లి నడుముకు చుట్టుకునేది. అలా చుట్టుకున్న పిల్లను ఎత్తుకుని బిళ్ళ చూపించేవాడు.

"నాన్నా, నీదే బాగా ఎలుగుతోంది. అమ్మది మెల్లగా మినుకుతోంది."

"మీ యమ్మ ఎప్పుడు తొందరగా సేసిందే ఏ పనైనా?"

నూకరత్నం తడి అంగీ అతని మీదికి విసిరేది.

*

వేసవి చివర్లో సన్యాసి బిళ్ళ తడబడింది. మినుకు రెండు సార్లు వచ్చి ఒకసారి ఎగిరిపోయేది. శకుంతల వెళ్లి జనరల్ మేనేజర్ తిలక్‌కు చెప్పింది. కొలిమి మూత మీద పొగ పీల్చే గొట్టం పెట్టించమంది. తిలక్ శ్రద్ధగా విన్నాడు. వారం తిరక్కుండా సన్యాసిని పనిలోంచి తీసేశాడు. నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు: ఎవరి నాడిబిళ్ళ బలహీనపడినా వారి ఆరోగ్యం దృష్ట్యా వారిని విధుల నుంచి విముక్తుల్ని చేస్తారు.

"నేను ఇందుకోసం చెప్పలేదు," అంది శకుంతల.

"మీరే కదా అక్కడుంటే ప్రమాదమన్నారు? ప్రమాదం నుంచి తప్పించాం," అన్నాడు తిలక్. వెటకారం కాదు. నిజంగానే అలా అనుకున్నాడు.

మర్నాటి నుంచి కొలిమివాళ్లు గేటు దగ్గర బిళ్ళ చూపించడం, లోపలికెళ్లి మళ్లీ ఏదో పని పెట్టుకుని బయటికొచ్చి దాన్ని ఇంటికి పంపెయ్యడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు గేటు దగ్గర చూడ్డం కూడా మానేశారు. అప్పుడిక ఎవరూ బిళ్ళ వెంట తేలేదు. ఎల్లాజీ తన బిళ్ళను గదిలో మేకుకు తగిలించాడు. ఇంట్లో చూసేవాళ్లు లేని కుర్రాళ్లవి కూడా తెచ్చి పక్కనే తగిలించాడు.

"ఇక్కడైతే పొగ నేదు, సెగ నేదు. సల్లగా ఉంతాయి," అన్నాడు.

"నీ నరాలు నాకాడ ఒగ్గీసి ఎల్తన్నావా మావా?"

"నీకాడ కాకపోతే ఇంకెవురికాడ?"

అది నవ్వుతూ అనుకున్న మాట. ఇద్దరూ నవ్వారు కూడా.

*

వానలు పట్టాక ప్రయోగశాలలో శకుంతలకు ఏమీ అర్థం కాని రోజులు వచ్చాయి. బిళ్ళలు పంపే సంకేతాలన్నీ తెర మీద వరసగా కనబడతాయి. అంతవరకూ నిలకడగా ఉన్న కొలిమివాళ్ల బిళ్ళలు ఒక్కసారిగా కుంగిపోవడం మొదలుపెట్టాయి. కొలిమిలో మార్పేమీ లేదు. పైగా ఆ నెల పని తక్కువ. అంతకన్నా వింత, అందరికంటే ముందు చచ్చిపోతున్న బిళ్ళ కొలిమివాళ్లది కాదు. ఇంట్లో ఉంటానన్న నూకరత్నంది.

"ఆ కణాలే బలహీనమైనవేమో మేడం. పుట్టుకతోనే అలాంటి మనిషేమో," అంది సహాయకురాలు ఫణిశ్రీ.

అదీ నిజం కావచ్చు. ఈ జబ్బుకు ఒక్క కారణమంటూ ఉండదు. పుట్టుకలో కొంత, లోహాల దుమ్ములో కొంత, పొలాల మందుల్లో కొంత, ఒళ్లు విరిచే చాకిరీలో కొంత. ఏది ఎంతో ఎవరికీ తెలియదు. అది తేల్చుకోవడానికే శకుంతల దాచి ఉంచిన నూకరత్నం రక్తంలోంచి కొత్తగా కణాలు పెంచి, వడగట్టిన గాలి పెట్టెలో ఉంచింది. వాటికీ అదే వేగంతో వయసు పెంచింది. మొదటి బిళ్ళ వయసు దాటి చాలా ముందుకు పోయాక కూడా అవి హాయిగా మినుకుతూనే ఉన్నాయి.

మనిషిలో లోపం లేదు. ఆమె పీల్చే గాలిలో ఉంది.

ఆ పొద్దున్నే శకుంతల ఎవరికీ చెప్పకుండా గొడుగు వేసుకుని కాలనీకి నడిచింది.

నూకరత్నం తలుపు తీసి బెదిరిపోయింది. ఆమె వెనక గోడ మీద మేకులకు వరసగా బిళ్ళలు వేలాడుతున్నాయి. కొన్ని అప్పటికే చీకటి.

"ఇవి ఇక్కడ ఎందుకున్నాయి?"

"ఎవురికీ సెప్పనంటే సెప్తాను."

"చెప్పను."

"బిళ్ళ పాడైతే పని పోద్ది కదమ్మా. అందుకని ఇంటికాడ దాసుకుంతన్నాం. ఆలు లోపల పొగలో ఉంతే ఇయ్యి ఇక్కడ సుకంగా ఉంతాయని..."

శకుంతల తల ఎత్తింది. బిళ్ళల మీదుగా తాడు. తాడు నిండా ఇంకా ఆరని అంగీలు. కిటికీ కమ్మీ మీద వేలు పెట్టి తీసి చూసుకుంది. వేలి కొన పెన్సిల్ ముక్కు రుద్దినట్టు నల్లబడింది. అరుగు మీద ఉతకడానికి వేసిన కుప్ప, గోడ మీద అంగీలు బాదిబాదిన చోట మనిషెత్తు బూడిద మరక. దాచిపెట్టిన బిళ్ళలే ఎందుకు ముందు చచ్చిపోయాయో ఆమెకు ఇంకొకరు చెప్పనక్కర్లేకపోయింది.

లోవ లోపలి నుంచి బడి గౌను వేసుకుని వచ్చి వీపు చూపించింది. నూకరత్నం గుండీ పట్టుకుంది. పట్టు జారింది. మళ్లీ పట్టుకుంది. చివరికి "నువ్వే పెట్టుకోయే, పెద్దదానివైనావు," అని కసిరింది. పిల్ల అలవాటైనట్టు చేతులు వెనక్కి మడిచి తనే పెట్టుకుని గొడుగు తీసుకుని వెళ్లింది.

"ఎన్నాళ్ల నుంచి?" అంది శకుంతల.

"ఏటమ్మా?"

"చెయ్యి."

నూకరత్నం కుడి చేతిని చీర కొంగులోకి లాక్కుంది. శకుంతల మెల్లగా బయటికి తీసి చూసింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే కండ లోపలికి పోయి గుంట పడింది. మోచేతి కింద చర్మం అడుగున ఏదో సన్నగా పాకుతున్నట్టు కదులుతోంది. బిళ్ళలో ఆ తడబాటే శకుంతల నెలల తరబడి తెర మీద చూస్తోంది.

"పిండి పిండి పట్టేసిందనుకున్నాను. బట్టలు పిండే సెయ్యి కదా," అంది నూకరత్నం.

షరతు ప్రకారం ఆ మాట ముందు తిలక్‌కు చెప్పాలి. శకుంతల చాప మీద కూర్చుని ఆమెకే చెప్పింది. దుమ్ము గురించి, బిళ్ళల గురించి, గాలి పెట్టెలో బతికే ఉన్న కణాల గురించి.

"నానెప్పుడూ ఫ్యాక్టరీ మెట్టెక్కనేదు కదమ్మా."

"ఫ్యాక్టరీయే రోజూ మీ ఇంటికి వస్తోంది నూకరత్నం గారూ."

తర్వాత నూకరత్నం అడిగింది. తనకు తగ్గుతుందా అని కాదు.

"మా లోవ గుంటకో? అది ఇందులోనే పుట్టి ఇందులోనే పెరిగింది."

"తెలీదు. అందరికీ రాదు. చాలామందికి రాదు."

"నాకొచ్చినాది."

మందులు జబ్బును కాస్త నెమ్మదింపజేయగలవని మాత్రం శకుంతల చెప్పింది. ఆమె వెళ్లేటప్పుడు నూకరత్నం గుమ్మం దాకా వచ్చి, తాడు మీది అంగీలను చూసి, ఏం చెయ్యాలో తెలియక అక్కడే నిలబడిపోయింది. దించితే ఎక్కడ పెట్టాలి? బయట వాన. వంటగదిలోనా? పిల్ల పడక మీదా?

*

సాయంత్రం ఎల్లాజీకి దారిలోనే సంగతి తెలిసింది. శకుంతల తిరిగొచ్చి ఫణిశ్రీతో అంది, ఫణిశ్రీ సన్యాసికి చెప్పింది, సన్యాసి గేటు దగ్గర కాచుకుని చెప్పాడు. ఎల్లాజీ ఇంటి ముందుకు వచ్చి ఆగిపోయాడు. గుమ్మం లోపల భార్య. అతను అడుగు వెయ్యలేదు.

లోవ ఎప్పటిలా పరుగెత్తుకొచ్చింది.

"ముట్టుకోకు!"

అంత గొంతుతో అతను ఆ పిల్లను ఎప్పుడూ పిలవలేదు. లోవ ఉన్నచోటే బిగుసుకుపోయింది. చేతులు ఇంకా చాచే ఉన్నాయి. ఎల్లాజీ వానలోనే అంగీ విప్పాడు, పంట్లాం విప్పాడు, నిక్కరుతో కుళాయి కింద కూర్చుని ఒళ్లంతా రుద్దుకున్నాడు. వరసలోని ఇళ్లవాళ్లు తలుపుల్లోంచి చూశారు. విప్పిన బట్టలు ఎక్కడ పడెయ్యాలో అతనికీ తెలియలేదు. ఉండ చుట్టి చేత్తో పట్టుకుని అలాగే వానలో నిలబడ్డాడు.

"లోపలికి రా మావా."

"నేనే మోసుకొచ్చాను రత్నం. రోజూ నేనే..."

"నువ్వు తెచ్చినావు, నాను దులిపినాను. రా లోపలికి."

ఆ తర్వాత రోజుల్లో వాళ్లు మాట్లాడుకున్నదంతా ఒకే చోటికి వచ్చి ఆగేది. పని మానేస్తే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఫ్యాక్టరీ ఆసుపత్రి కార్డు పోతుంది. నూకరత్నానికి మందులు ఆ కార్డు మీదే రావాలి. రేపు ఊపిరికి యంత్రం పెట్టాల్సి వస్తే అదీ ఆ ఆసుపత్రిలోనే. జబ్బు తెచ్చిన చోటే జబ్బుకు దిక్కు. ఎల్లాజీ ఒకరోజు గోడకు తల కొట్టుకున్నాడు. కొట్టుకున్నచోట అతని నుదుటికి బూడిద అంటింది. నూకరత్నం తడిగుడ్డతో తుడిచింది, ఎడమ చేత్తో.

*

"ఇంటి గాలికి నేనెలా బాధ్యుణ్ణి డాక్టరుగారూ?" అన్నాడు తిలక్, శకుంతల నూకరత్నం బిళ్ళ సంగతి చెప్పగానే. "ఆవిడ మా ఉద్యోగి కాదు. ఆవిడ గురించి నివేదికలో ఏం రాసినా అది మీ పరిశోధన పరిధి దాటినట్టే. పోల్చడానికి తీసుకున్నవాళ్లను తీసెయ్యండి."

"వాళ్లను తీసేస్తే మిగిలేదేమిటి?"

"కొలిమివాళ్ల బిళ్ళలు."

"అవి కూడా ఆ ఇళ్లల్లోనే చచ్చాయి."

తిలక్ మొహం మారింది. బిళ్ళలు ఇళ్లల్లో దాచారన్న సంగతి అప్పటిదాకా అతనికి తెలియదు. తన నోటి వెంట అది వచ్చిందని శకుంతలకు ఆ క్షణంలో అర్థమైంది. నూకరత్నానికి ఇచ్చిన మాట తప్పింది.

"వాళ్ల మీద చర్య తీసుకోకండి. మీ నోటీసుకు భయపడి చేశారు."

"చర్యేమీ ఉండదు. కానీ ఇలా తారుమారైన బిళ్ళలతో పరిశోధన ఏముంటుంది? ఆపేద్దాం."

"ఆవిడకు నేను చెప్పేశాను. జబ్బు సంగతీ, దుమ్ము సంగతీ."

తిలక్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "అయితే మీరు షరతు దాటారు," అన్నాడు అలసటగా. "నేను పైవాళ్లకు చెప్పాలి. చాకిరేవు షెడ్డు మళ్లీ కట్టమని నేను రెండేళ్లుగా రాస్తూనే ఉన్నాను, మీకు తెలుసా? ఇప్పుడు కడితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందంటారు. ఇక ఎప్పటికీ కట్టరు."

మర్నాడు సెక్యూరిటీవాళ్లు ఇంటింటికీ తిరిగి బిళ్ళలు వసూలు చేశారు. బతికున్నవీ చచ్చినవీ కలిపి ప్రయోగశాల వెనక బ్లీచింగు నీళ్ల డ్రమ్ములో వేశారు. శకుంతల అడ్డం వెళ్లి, "అవి వాళ్ల సొంత కణాలు, మీవి కావు," అంది. డ్రమ్ములో ఆకుపచ్చ చుక్కలు కాసేపు మినుకుతూనే ఉన్నాయి. ఎల్లాజీ అక్కడే ఉండి, తనది ఏదో గుర్తుపట్టడానికి వంగి చూశాడు. గుర్తుపట్టలేకపోయాడు.

*

అచ్చియ్యమ్మ నడుముకు చెయ్యి ఆనించుకుని వచ్చి అడిగింది. "ఏటే రత్నం, మూడ్రోజుల నుంచి బట్టలు అలాగే ఉన్నాయి?"

"ఇంక ఉతకను."

"నువ్వు ఉతక్కపోతే ఇంకోలు ఉతుకుతారు."

"ఇదిగో, ఇలాగైపోతాది," అని నూకరత్నం కుడి చెయ్యి చాచింది. వేళ్లు ముడుచుకుని ఉన్నాయి. తెరుద్దామని చూసింది. సగమే తెరుచుకున్నాయి. అచ్చియ్యమ్మ ఆ చేతినే చూస్తూ ఉండిపోయి, తర్వాత తన చేతుల్ని తిప్పి చూసుకుంది.

ఆ మర్నాడు పొద్దున్న షిఫ్టు వేళకు కాలనీ ఆడవాళ్లు ఉతకని అంగీలన్నీ మూటలు కట్టి నెత్తిన పెట్టుకుని గేటు దగ్గరికి వెళ్లారు. ముక్కుకు కొంగులు కట్టుకున్నారు. నూకరత్నం మూట ఎత్తుకోలేకపోయింది. రెండు అంగీలు ఎడమ భుజాన వేసుకుని నడిచింది. గేటు ముందు అన్నీ కుప్ప పోశారు. దుమ్ము లేచి కాపలావాడు దగ్గుతూ పక్కకు పోయాడు.

లోపలికి వెళ్లవలసిన కొలిమివాళ్లు అక్కడే ఆగారు. ఉతికిన దుస్తులు లేకుండా కొలిమి దగ్గరికి పోకూడదన్నది ఫ్యాక్టరీ పెట్టిన నియమమే. కాసేపటికి రాత్రి షిఫ్టువాళ్లు బయటికొచ్చారు. ముందు సన్యాసి తమ్ముడు అంగీ విప్పి కుప్ప మీద వేశాడు. తర్వాత ఒక్కొక్కరూ. అందరూ బనీన్లతో, నిక్కర్లతో నిలబడ్డారు. లోపల కొలిమి దగ్గర ఎవరూ లేరు. సెగ తగ్గితే కరిగిన సీసం గడ్డకట్టి కొలిమే పగిలిపోతుంది. ఆ సంగతి తిలక్‌కు వాళ్లకన్నా బాగా తెలుసు.

అతను గేటు దాకా వచ్చాడు. నూకరత్నం ముందు నిలబడి, "అమ్మా, మీకు ఒంట్లో బాగాలేదని విన్నాను," అన్నాడు.

"నాకు బాగుండదు బాబూ. నాను ఇంటికెళ్లిపోతాను. ఈ బట్టలు మాత్రం ఇంక మా ఇంటికి రాకూడదు."

మధ్యాహ్నానికి పైవాళ్ల దగ్గర్నుంచి ఫోను వచ్చింది. నెల తిరక్కుండా రేకుల షెడ్డు వేశారు. కుళాయిలు బిగించారు. ఉతికే యంత్రాలు వచ్చాయి. కొలిమి మూత మీద గొట్టం కూడా వచ్చింది. ఇవన్నీ కార్మికుల సౌకర్యార్థం అని బోర్డు రాయించారు. ప్రభుత్వం వేసిన విచారణ కమిటీ రెండుసార్లు వచ్చి, సంబంధం నిరూపణ కాలేదనీ మరింత పరిశోధన అవసరమనీ రాసి వెళ్లింది. ఆ పరిశోధన చేస్తున్న భవనానికి అప్పటికే తాళం పడింది.

*

శకుంతల విశాఖలో ఒక కళాశాలలో అరువు గదిలో పనిచేస్తూ నెలకోసారి పెదగెడ్డ వచ్చేది. వచ్చిన ప్రతిసారీ నూకరత్నంలో ఒకటి తగ్గేది. ముందు ఎడమ చెయ్యి. తర్వాత నడక. మాట ముక్కుతో వచ్చేది. తెలివి మాత్రం ఎక్కడా తగ్గలేదు. వీపు మీద దోమ కుట్టినా తెలుస్తుంది, తోలుకోవడానికి చెయ్యి రాదు. ఎల్లాజీ షిఫ్టుకు పోయినప్పుడు అచ్చియ్యమ్మ వచ్చి కూర్చునేది. ఎప్పుడైనా అచ్చియ్యమ్మ పక్కకు వెళితే, ఆమె వచ్చేదాకా మంచం మీది మనిషి కళ్లు తలుపు మీదే.

"ఒకటి సెప్పనా అమ్మా," అందొకసారి, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "నాను ఇందులో ఉన్నాను. లోపల. గెంతులేస్తన్నాను. ఎవురికీ కనబడదు."

బట్టలు రావడం ఆగినా దుమ్ము పోలేదు. గోడలకు సున్నం కొట్టారు. పరుపులు మార్చారు. శకుంతల తెచ్చిన పరికరం వాకిట్లో పెడితే, లోహాలు మట్టిలోనే ఉన్నాయని తేలింది. ఇన్నేళ్లు ఉతికిన నీళ్లన్నీ అక్కడే ఇంకాయి. లోవ ఆడుకునేది అక్కడే.

"లోవ రక్తం తీసుకుంటే బిళ్ళ చేసి చూడగలను," అంది శకుంతల మెల్లగా. "పిల్లలకు చెయ్యకూడదన్న నియమం ఉంది. మీరు ఒప్పుకుంటే అనుమతి అడుగుతాను."

ఎల్లాజీ వెంటనే తల ఊపాడు. నూకరత్నం ఊపలేదు.

"బాగుందని సెప్తే ఇక్కడే ఉంచేస్తాం. బాగోనేదని సెప్తే... అది ఆ మినుకు సూసుకుంతా పెరగాలా? వద్దు." ఊపిరి అందక ఆగింది. "నర్సీపట్నం పంపీ. మా యప్ప కాడికి."

ఆమె అక్క అప్పయ్యమ్మ నర్సీపట్నంలో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. పిల్లను చేర్చుకుంటానని అంతకుముందే కబురు పెట్టింది.

"నేనూ వచ్చేస్తాను, అందరం పోదాం," అన్నాడు ఎల్లాజీ. అన్నాక, మంచం తలాపున ఫ్యాక్టరీ ఆసుపత్రివాళ్లు పెట్టిన ఊపిరి యంత్రాన్ని చూసి ఊరుకున్నాడు. అది వాళ్లదే. క్వార్టరు దాటి పోదు.

లోవ చాలా ఏడ్చింది. ఏమైనా తప్పు చేశానా అని అడిగింది. నాన్నను ముట్టుకున్నందుకా అని అడిగింది. ఆ మాటకు ఎల్లాజీ ఆమెను ఎత్తుకుని కాలనీ చివరి దాకా తీసుకెళ్లి, ఇద్దరూ అక్కడ ఏం మాట్లాడుకున్నారో గాని, తిరిగి వచ్చేటప్పుడు పిల్ల అతని మెడ కౌగిలించుకునే ఉంది.

బస్సు కాలనీ ముందు రోడ్డు మీదే ఆగుతుంది. ఎల్లాజీ చక్రాల కుర్చీని వాకిలి దాకా తోసుకొచ్చాడు. అప్పయ్యమ్మ లోవను ఎక్కించి కిటికీ పక్కన కూర్చోబెట్టింది. పిల్ల కమ్మీల్లోంచి చెయ్యి బయటపెట్టి ఊపడం మొదలుపెట్టింది. "అమ్మా! అమ్మా, టాటా!"

నూకరత్నం చేతులు ఒళ్లో ఉన్నాయి.

ఎల్లాజీ కుర్చీ వెనక్కి చేరి వంగాడు. తన చెయ్యి ఆమె చేతి కిందికి పోనిచ్చి, మణికట్టు దగ్గర పట్టుకుని పైకెత్తాడు. ఊపాడు. లోవ ఇంకా గట్టిగా ఊపింది. బస్సు కదిలింది. ఎల్లాజీ కూడా జోరుగా ఊపాడు.

"మెల్లగా మావా," అంది నూకరత్నం, పెదాలు కదిలీ కదలకుండా. "మెల్లగా ఊపు. నువ్వూపుతున్నావని దానికి తెలిసిపోద్ది."